మూత కింద బొట్టు

ఫోన్ మోగినప్పుడు నా చేతిలో సగం కొరికిన మిర్చి బజ్జీ ఉంది. శశాంక్ రెండు చేతులూ ఒక పాత గేజీ కడుపులో ఉన్నాయి. అందుకని నేనే ఫోన్ ఎత్తి, స్పీకర్ నొక్కి, అతని చెవి దగ్గర పట్టుకున్నాను.

"అన్నా, అయిపోయింది! డాక్టరమ్మ సంతకం పెట్టింది!" ఆసుపత్రిలో పనిచేసే జైపాల్ గొంతు దుకాణమంతా నిండింది. "మన కవాడిగూడ హాస్పిటల్ ఒక్కటే గాదు, అంబర్‌పేట్ బ్రాంచి గూడ. ఇగ ఆక్సిజన్ సెన్సర్లన్ని నువ్వే చూడాలె."

"నిజమా?" అన్నాడు శశాంక్.

"అబద్ధం చెప్తే నాకేమొస్తది? ఇంకోటి విను. రేపు పదిగంటలకు కొత్త వార్డుకు పూజ. డాక్టరమ్మ సంతకం పెట్టి ఊరికి పోయింది, పొద్దుగాల దిగుతది. ఆమెనే కొబ్బరికాయ కొడ్తది. కొట్టంగనే ఆక్సిజన్ లైన్ తెరుస్తం. అప్పటిదాక దానికి తాళమే, చెవి గూడ ఆమె దగ్గర్నే ఉన్నది. నువ్వు చెక్ చేసిన లైన్ గద, నువ్వు లేకుంటె ఎట్ల? వదినను తీస్కొని రా. వదినా, వింటున్నవా?"

"వింటున్న," అన్నాను బజ్జీ నములుతూనే.

"పట్టుచీర కట్టుకొని రావాలె. ఫొటోలుంటయి."

ఈ కబురు కోసం మేమెంత ఎదురుచూశామో వారం వారం మా వెంట నడిచినవాళ్లకు తెలుసు. ఇవాళే మా గడప తొక్కినవాళ్ల కోసం కాస్త చెప్తాను. మాకు శ్రావణంలో పెళ్లయింది. మా మామయ్య రాఘవేందర్ గారు నారాయణగూడ సందులో ఎన్నో ఏళ్లుగా బాయిలర్ల ఒత్తిడి చూపే గేజీలు బాగుచేస్తున్నారు. ఆయన కొడుకు శశాంక్ మాత్రం ఆసుపత్రుల పనిలోకి దిగాడు. అక్కడ ఆక్సిజన్ గొట్టాల మీద ప్రెషర్ సెన్సర్లుంటాయి. అవి నిజం చెప్తున్నాయో లేదో చూడటం అతని పని. దానికోసం ఒక నల్ల పెట్టె కొన్నాడు. అందులో అరచేతిలో పట్టే మీటరు, పట్టకారులా పిడికిట్లో నొక్కే చిన్న పంపు, సన్నని గొట్టాలు ఉంటాయి. పంపు నొక్కితే గాలి ఒత్తిడి పెరుగుతుంది. చేతిలోని మీటరు ఎంత చూపిస్తే గోడమీది సెన్సర్ కూడా అంతే చూపించాలి. సెన్సర్ అబద్ధం చెప్తే లోపల ఆక్సిజన్ తగ్గినా గంట మోగదు. మంచం మీది మనిషికి ఊపిరి అందదు.

"పెట్టె పట్టుకొని వాకిలి వాకిలి తిరిగే పని" అని మామయ్య మొదటి నుంచీ మూతి తిప్పుతున్నారు. దసరా మరునాడు శశాంక్ కవాడిగూడ ఆసుపత్రి కొత్త వార్డులో సెన్సర్లన్నీ పరీక్షించి వచ్చాడు. అప్పటి నుంచి అటువైపు నుంచి ఉలుకూ పలుకూ లేదు. "దీపావళి దాక చూస్త. గప్పటికి పని రాకుంటె ఆ పెట్టె అమ్మేయ్" అని మామయ్య తేల్చిచెప్పిన దగ్గర మనం ఆగాం.

ఇప్పుడు పని వచ్చింది.

నేను నిలబడ్డచోటే గంతులు వేశాను. నాకు సంతోషం చాలా తేలిగ్గా వస్తుంది. కొత్త గాజులు కుక్కర్ మూతకు తగిలి మోగినా, ఆటో వెనక రాసిన మాట నచ్చినా, శశాంక్ చొక్కా గుండీ పెట్టుకోవడం మరిచిపోయి నా ముందుకు వచ్చి నిలబడినా నాకు ఆ రోజంతా పండగే. "నీకు సంతోషపడే రోగమున్నదే" అంటుంది మా అమ్మ.

బజ్జీల బండి ముత్యాలన్న మూకుడు మీదనుంచి తల ఎత్తాడు. "ఏమైంది అక్కా, లాటరీ తగిలిందా?"

"అంతకంటే పెద్దదే అన్నా."

"అయితే ఇంకోటి తిను. ఇది నా దిక్కెల్లి," అని ఉల్లిపాయ ముక్కలు గుప్పెడు చల్లి మరో బజ్జీ ఇచ్చాడు. లోకంలో ఉల్లిపాయలు ఎక్కువేసే మనుషులు ఇంకా ఉన్నారని నాకు మళ్లీ సంతోషం వేసింది.

"రేపటికి పెట్టె తయారు చేద్దామా?" అన్నాడు శశాంక్. అతని కళ్లు మెరుస్తున్నాయి.

ఆక్సిజన్ పెట్టె తెరవాలంటే మా ఇద్దరికీ ఒక పద్ధతి ఉంది. అతను చేతులు సబ్బుతో రెండుసార్లు కడుక్కుంటాడు. నేను ఉతికి ఆరేసిన తెల్లగుడ్డ ముక్క తీసుకొని పంపు మూతిలోకి దూర్చి తిప్పుతాను. గుడ్డ ఎంత తెల్లగా వెళ్లిందో అంత తెల్లగా రావాలి. వస్తే నేను "పాస్" అంటాను. అప్పుడు అతను చుట్టూ చూసి, సందులో ఎవరూ లేకపోతే నా నుదుటిమీద ముద్దు పెడతాడు. ఆ ముద్దు కోసమైనా నేను ఆ గుడ్డలను మల్లెపువ్వుల్లా ఉతుకుతాను.

దసరా మరునాటి పని తర్వాత ఆ పెట్టెను మేము మళ్లీ తెరవలేదు. పంపు మూతికి ఉన్న ఇత్తడి మూత విప్పాను. గుడ్డ దూర్చాను. తిప్పి తీశాను. "పా..." అని ఆగిపోయాను.

గుడ్డ మీద ఎర్రటి మచ్చ. దాని చుట్టూ తడి మెల్లగా పాకుతోంది.

"వాషర్ రంగు పోయిందేమో," అన్నాడు శశాంక్. లోపల ఎర్ర రబ్బరు వాషర్ ఒకటి ఉంటుంది. గుడ్డను ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. చాలాసేపు అలాగే ఉంచుకున్నాడు. తర్వాత నాకు అందించాడు.

కొబ్బరినూనె వాసన.

నాకు అప్పుడు గుర్తొచ్చింది. అంతా ఒక్కసారే, నిదానంగా, ఎవరో నాకు చదివి వినిపిస్తున్నట్టు గుర్తొచ్చింది.

దసరా రోజు ఇంట్లో పనిముట్ల పూజ. మామయ్య స్పానర్లు, అత్తమ్మ కుట్టుమిషను, శశాంక్ నల్ల పెట్టె అన్నీ పీట మీదికి చేరాయి. కొత్త కోడలి చేతుల మీదుగా బొట్లు పెట్టించాలని అత్తమ్మ ముచ్చట. ఇనుము మీద పొడి కుంకుమ నిలవదని ఆమె అందులో కొబ్బరినూనె కలిపి ఇచ్చింది. నేను ప్రతి వస్తువుకూ దాని ముఖం ఎక్కడుందో వెతికి మరీ పెట్టాను. పంపుకు ముఖమంటే దాని మూతి కదా. మరలు తిరిగిన ఆ చిన్న నోటి చుట్టూ గుండ్రంగా అద్దాను. ఎంత ముద్దుగా ఉందో. చెరిగిపోకూడదని మూత కూడా బిగించాను.

పూజలో పెట్టిన పనిముట్టును మర్నాటి దాకా ముట్టుకోకూడదు మా ఇంట్లో. మర్నాడు తెల్లారగానే జైపాల్ బండి వేసుకొని వచ్చాడు, వార్డు పని తొందరగా తేలాలని. పీట మీది బొట్లు చూసి, "అమ్మా, ఇనుముకు బొట్టు గిట్ల ఎట్ల అంటుకున్నది?" అని అడిగాడు. అత్తమ్మ మురిసిపోతూ చెప్పింది. శశాంక్ పైన కనిపించిన బొట్లన్నీ తడిబట్టతో తుడిచాడు. "తెల్లగుడ్డ?" అని నేను గుర్తుచేశాను. "దేవుని దగ్గర్నుంచి తీస్తున్నం అనూ. ఇంతకంటే శుభ్రం ఏముంటది?" అని నవ్వాడు. నాకూ నిజమేననిపించింది. నేనూ నవ్వాను.

"అక్కడ మూత విప్పినప్పుడు ఎర్రగ కనిపించింది," అన్నాడు ఇప్పుడు. "గది చీకటి. వాషరే అనుకున్న."

"ఏమవుతుంది శశాంక్?"

"ఏం కాకపోవచ్చు."

అతను గుడ్డను జేబులో పెట్టుకొని, పంపును పెట్టెలో పెట్టి, పెట్టె మూసి, దాని మీద అరచేయి ఆనించి నిలబడ్డాడు. "ఆక్సిజన్ దగ్గర ఆ మాట పనికిరాదు," అన్నాడు.

నాకు ఏడుపు రావాలి. భయం వేయాలి. ఏదీ రాలేదు. చేతిలో ఉల్లిపాయలు ఎక్కువేసిన బజ్జీ చల్లారిపోయి ఉంది. దాన్ని కాగితంలో చుట్టి సంచిలో పెట్టుకున్నాను.

దుకాణం మూసి ఇంటికి నడిచాం. నారాయణగూడ నుంచి చిక్కడపల్లి మీదుగా అశోక్‌నగర్‌కు మేము రోజూ నడిచే దారి అది. నేను రోజూ ఆగే చోట్లన్నీ వచ్చాయి. చిక్కడపల్లి మార్కెట్లో కొత్తిమీర మీద నీళ్లు చల్లుతున్నారు. గుడి గంట మోగింది. లైబ్రరీ బయట పోటీ పరీక్షల పిల్లలు పేవ్‌మెంట్ మీద కూర్చొని ఒకరినొకరు ప్రశ్నలడుగుతున్నారు. ఒకమ్మాయి ముడిలో జడపిన్నుకు బదులు పెన్ను పెట్టుకుంది. నిన్నయితే నేను శశాంక్ మోచేయి గిల్లి ఆ అమ్మాయిని చూపించేదాన్ని. కాలు తిమ్మిరెక్కితే గిల్లి చూసుకుంటాం కదా. నేను ఆ దారిలో ఒక్కో సంతోషం పెట్టి నన్ను నేను గిల్లుకుంటూ నడిచాను. ఎక్కడా తెలియలేదు.

శశాంక్ పెట్టెను రోజూ వేలాడేసుకొని నడుస్తాడు. ఇవాళ రెండు చేతులతో ఒడిసిపట్టుకున్నాడు.

తలుపు తట్టకముందే తెరుచుకుంది. మామయ్య చేతిలో జిలేబీల పొట్లం ఉంది.

"జైపాల్ నాకు గూడ చేసిండు ఫోన్!" అంటూ ఒక జిలేబీ కొడుకు నోట్లో, ఒకటి నా నోట్లో పెట్టారు. పెళ్లయ్యాక ఆయన అంత పెద్దగా నవ్వడం నేను చూడలేదు. "నేనే తప్పన్న రా. నీ పెట్టె గెలిచింది, నా నోరు ఓడింది. బోర్డు రాసే కిషన్ రావుకు గూడ చెప్పేసిన. 'రాఘవేందర్ గేజీ వర్క్స్' తీసేసి 'రాఘవేందర్ అండ్ సన్' అని రాయమన్న. నీలం రంగుల. ఏమంటవ్?"

నేను జిలేబీ నమిలాను. వేడిగా ఉందని తెలుస్తోంది, మెత్తగా ఉందని తెలుస్తోంది, తీపి మాత్రం తెలియడం లేదు.

అత్తమ్మ కమల కింద కూర్చొని చిక్కుడుకాయలు వొలుస్తోంది. "కాళ్లు కడుక్కోని రండి ముందుగాల," అంది. తర్వాత మా ముఖాలు చూసి వొలవడం నెమ్మది చేసింది.

శశాంక్ జేబులోంచి తెల్లగుడ్డ తీసి, బల్ల మీద పరిచాడు.

"ఏంది రా ఇది?" అన్నారు మామయ్య.

"పంపు మూతిల నుంచి వచ్చింది నాన్న. దసరా బొట్టు. నూనె బొట్టు."

"అయితే?"

"గదే పంపుతోని కొత్త వార్డు సెన్సర్లకు గాలి కొట్టిన. నూనె లోపలికి పోయి ఉంటది."

"పోతే పోయింది. నూనె తగిలితే గేజికి జలుబు చేస్తదా? నా జన్మంత నూనెలనే చేతులు పెట్టిన."

"నీది ఆవిరి నాన్న. ఇది ఆక్సిజన్. జోరుగ వచ్చి నూనెను తాకిందంటె అగ్గిపుల్ల గూడ అక్కర్లేదు. దానంతటదే అంటుకుంటది."

"ప్రతిసారి అంటుకుంటదా?"

"ప్రతిసారి అంటుకోదు."

"మరి?"

"ఒక్కసారి అంటుకుంటె సాలదా?"

మామయ్య జిలేబీల పొట్లం మూసి, దారం చుట్టడం మొదలుపెట్టారు. శశాంక్ పెట్టె తెరిచి పంపును ఆయన ముందు పెట్టాడు. దాని పక్కన అతికించిన చిన్న బొమ్మ మీద వేలు పెట్టాడు. నూనెడబ్బా, దాని మీద అడ్డంగా ఎర్రగీత.

"ఈ బొమ్మ ఏందో చెప్పు."

మామయ్య కళ్లజోడు పైకి జరుపుకొని చూశారు. "నూనెడబ్బా కొట్టేసిండ్రు. మా పంపుకు నూనె పోసే ఖర్చు లేదని కంపెనీవాడు గొప్పలు చెప్పుకుంటున్నడు."

వేరే రోజైతే నేను వంటింట్లోకి పరుగెత్తి నవ్వుకొని వచ్చేదాన్ని. శశాంక్ కూడా నవ్వలేదు. మా ముఖాలు చూసి మామయ్యకు అప్పుడు మొదటిసారి అనుమానం వచ్చినట్టుంది. పంపును మళ్లీ చేతిలోకి తీసుకొని, బొమ్మను బొటనవేలితో రుద్దారు.

"నూనె కలిపింది నేను," అంది అత్తమ్మ కిందనుంచి.

"పెట్టింది నేను అత్తమ్మా. మూత బిగించింది కూడ నేనే," అన్నాను. నా గొంతు కూరగాయల ధర చెప్తున్నట్టు వచ్చింది.

"గుడ్డ పెట్టి చూడకుండ పోయింది నేను," అన్నాడు శశాంక్.

"ముగ్గురు గల్సి పంచుకున్నరు. నాకేమన్న మిగిలిందా?" అన్నారు మామయ్య. ఆ తర్వాత గొంతు తగ్గించారు. "ఇను. జరసేపాగి జైపాల్ దగ్గరికి పో. 'మల్లొకసారి చూసుకుంట' అని లోపలికి పో. తుడిచి రా. ఎవ్వలికి తెల్వద్దు."

"తుడిస్తె పోదు నాన్న. సెన్సర్లు విప్పాలె. అవి బిగించిన గొట్టం ముక్కలు గూడ విప్పి మందుతోని కడగాలె. దానికి వేరే మనుషులుంటరు. అప్పటిదాక లైన్ తెరవద్దు. తెరవద్దు అంటె డాక్టరమ్మకు కారణం చెప్పాలె."

"చెప్తె సంతకం ఉంటదా?"

"ఉండకపోవచ్చు."

"ఇంకో హాస్పిటలోడు పిలుస్తడా?"

శశాంక్ నేలకేసి చూశాడు.

"నేను చెప్త విను. బొట్టు పెట్టి ఆక్సిజన్ ఖరాబ్ చేసినోళ్లు అంటరు మనల్ని. బాగ్ లింగంపల్లి దాటకముందే ఊరంత తెలుస్తది. రేపటి నుంచి నా బాయిలర్లోళ్లు గూడ నవ్వుతరు. నీ పెట్టెతోని పాటు నా దుకాణం గూడ పోతది. అయినా చెప్తవా?"

చెప్తానని అతను అనలేదు. చెప్పనని కూడా అనలేదు. నా వైపు చూశాడు. ఆ చూపుకు నేను ఏదో ఒకటి చేయాలి. ఏం చేయాలో తెలియక సంచిలోంచి చల్లారిన బజ్జీ పొట్లం తీసి బల్లమీద పెట్టాను. అందరం దాన్ని చూశాం.

బెల్ మోగింది.

బీరమ్మ. మా బిల్డింగ్ మెట్లు ఊడ్చే మనిషి. పాలమూరు వైపు నుంచి వచ్చి పక్క బస్తీలో ఉంటోంది. ఆమె భర్త ఎంకయ్య రాళ్లు కోసే పనిచేసి చేసి ఊపిరితిత్తుల నిండా దుమ్ము నింపుకున్నాడు. అతన్ని కవాడిగూడ ఆసుపత్రిలో చేర్చుకోమని జైపాల్‌కు చెప్పింది శశాంకే. బీరమ్మ ఎప్పుడూ గడప దాటి లోపలికి రాదు. ఇవాళ రెండడుగులు లోపలికి వచ్చింది.

"సారూ, మీకు ఎరుకేనా? రేపు కొత్త వార్డుల మొదటి మంచం మా ఆయనకే ఇస్తరంట!"

మామయ్య చేతిలోని పంపును పెట్టెలో పెట్టేశారు.

"పాత వార్డుల సిలిండర్ అయిపోతె ఇంకోటి తెచ్చి పెట్టేదాక ఆయన పానం గుంజుకపోతుండె సారూ. నేను విసనకర్ర పట్టుకొని ఊపుకుంట కూసుందును. విసనకర్రతోని ఏమొస్తది, నా తృప్తి గంతే. ఇగ గోడలకెల్లి వస్తనే ఉంటదంట గద గాలి? ఆగదంట గద?"

"ఆగదు," అన్నాడు శశాంక్.

"మీరు చెప్పబట్టికే. మీ చేతి చలువ." ఆమె బల్ల వైపు చూసింది. ఎర్రమచ్చ ఉన్న తెల్లగుడ్డ అక్కడే పరిచి ఉంది. "పూజ గుడ్డనా అమ్మా?" అని అత్తమ్మను అడిగింది. అడిగి జవాబు కోసం ఆగలేదు. వేళ్ల చివర్లతో గుడ్డను తాకి కళ్లకద్దుకుంది. మచ్చ తడి ఆమె వేలికి అంటి, రెప్ప మీద సన్నగా మెరిసింది.

మామయ్య దారం విప్పి నాలుగు జిలేబీలు తీసి కాగితంలో పెట్టి ఆమె చేతికిచ్చారు. ఆమె కొంగులో కట్టుకొని వెళ్లిపోయింది. మెట్లు దిగుతూ కింది ఇంటివాళ్లకు కూడా మొదటి మంచం సంగతి చెప్పడం వినిపించింది.

మామయ్య లేచి టీవీ ఆపేశారు. అది అప్పటిదాకా నడుస్తోందని ఆపాకే తెలిసింది. బాల్కనీలోకి వెళ్లి, మాకు వీపు పెట్టి నిలబడ్డారు.

శశాంక్ ఫోన్ తీసి జైపాల్‌కు రాశాడు: "నేను వచ్చేదాక లైన్ ముట్టుకోవద్దు." వెంటనే జవాబు వచ్చింది: "తాళం మీదనే ఉన్నది అన్నా. నువ్వు లేకుండ తెరుస్తమా?" దాని వెనకే ఒక నవ్వు బొమ్మ. ఇంకో క్షణానికి నా ఫోన్ మోగింది.

జైపాల్ ఫొటో పంపాడు.

కొత్త వార్డు. తెల్లటి గోడలు, తెల్లటి దుప్పట్లు, బంతిపూల దండలు. ప్రతి మంచం తలవైపు గోడలో ఆక్సిజన్ వచ్చే చిన్న రంధ్రం. గొట్టం గుచ్చుకునే నోరు అది. ప్రతి నోటి మీదా ఒక బొట్టు. ఎర్రగా, గుండ్రంగా, నిగనిగలాడుతూ. మొదటి మంచం దగ్గరి బొట్టు కాస్త ఎక్కువై, గోడమీదికి సన్నని చారగా కారింది.

కింద రాశాడు: "వదినా, అత్తమ్మకు చూపియ్. ఆమె చెప్పినట్టే కొబ్బరినూనె కలిపినం. ఒక్కటి గూడ రాలలేదు."

నేను ఆ ఫొటోను చూస్తూ ఉండిపోయాను. ఎంత బాగా పెట్టారో అనే మాట నా లోపల ఎక్కడో పుట్టింది. అలవాటు మీద పుట్టింది. దాని వెనక ఏమీ రాలేదు.

"ఏంది అది?" అంది అత్తమ్మ.

చూపించాను. ఆమె కళ్లజోడు తెప్పించుకుంది. ఫొటోను వేళ్లతో పెద్దది చేయడం ఈ దసరాకే నేను నేర్పాను. ఒక్కో మంచాన్నీ పెద్దది చేసి చూసింది. మొదటి మంచం దగ్గర ఆగింది. కారిన చార మీద వేలు పెట్టి, అద్దం మీద నుంచే తుడవబోయినట్టు ఒకసారి కదిపింది.

"ఇప్పుడే చెప్తా జైపాల్‌కు," అని శశాంక్ ఫోన్ ఎత్తాడు.

"ఫోన్ల చెప్పే మాటనా ఇది?" బాల్కనీలోంచి మామయ్య గొంతు. ఆయన ఇటు తిరగలేదు. "ఫోన్ల చెప్తె మనం చెప్పేది ఒకటి, డాక్టరమ్మ చెవిల పడేది ఇంకొకటి. లైన్‌కు తాళమున్నది గద. ఎదురుంగ నిలబడి చెప్పాలె."

శశాంక్ ఫోన్ దించేశాడు.

అత్తమ్మ చిక్కుడుకాయల చాట పక్కకు జరిపి లేచింది. మా అత్తమ్మ సంగతి మీకు తెలుసు. సత్యనారాయణ వ్రతంలో పక్కింట్లో మంటలు లేచినా కథ పూర్తయ్యేదాకా లేవని మనిషి. పూజలో ఉన్న గరిటెను కూడా మర్నాటి దాకా ముట్టనివ్వని మనిషి. ఆమె బల్ల దగ్గరికి వచ్చి, ఎర్రమచ్చ ఉన్న గుడ్డను నాలుగు మడతలు పెట్టి నా చేతిలో పెట్టింది.

"ఇది ఉతకకు," అంది. "రేపు ఇట్లనే తీస్కరా. పట్టుచీర వద్దు, నూలుచీర కట్టుకో. శశాంక్ పెట్టె పట్టుకుంటడు. డాక్టరమ్మ కారు దిగే తావున్నే నిలబడదం. ఆమె చేతికి కొబ్బరికాయ పోకముందే నేను పట్టుకుంట దాన్ని. 'అమ్మా, ఇయ్యాల ఈ పూజ ఆపాలె' అని నేనే చెప్త. బొట్లు నా మాట మీదనే పెట్టిండ్రు. తీయమని గూడ నేనే చెప్పాలె."

"సంతకం పోతదమ్మా," అన్నాడు శశాంక్ చాలా మెల్లగా.

"పోనీ. ఎంకయ్యను మాత్రం పాత మంచం మీదనే ఉంచుమని చెప్పాలె. మొదటి మంచం కోసం బీరమ్మ రేపు పొద్దుగాల్నే వస్తది అక్కడికి. ఆమెకు ఎట్ల చెప్పాల్నో..." అత్తమ్మ అక్కడ ఆగింది. నా వైపు చూసింది. "అది నువ్వు చెప్పు అనూ. నాతోని గాదు."

నేను తల ఊపాను. గుడ్డ నా పిడికిట్లో ఉంది. మెత్తగా ఉందని తెలుస్తోంది, చల్లగా ఉందని తెలుస్తోంది.

బాల్కనీలో మామయ్య కదిలారు. అటు తిరిగే అడిగారు.

"ఎన్నింటికి పోవాలె?"

"తెల్లారంగనే," అంది అత్తమ్మ. "మీ చెప్పులు గూడ తలుపు దగ్గర పెట్టుకోండి."